కొండ పొమ్మనలేదు

తజికిస్తాన్ గురించి ఏ భూగోళ పుస్తకం తిరగేసినా మొదట కనపడే మాట ఒకటే: దేశంలో 93 శాతం కొండలు. దాని వెంటే రెండోది: సాగుకు పనికొచ్చే నేల 7 శాతమే, జనంలో ఎక్కువమంది ఆ కాస్త పల్లపు నేలను పట్టుకునే బతుకుతున్నారు. దేశంలో సగభాగం సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైన ఉంది. తూర్పున ఉన్న గోర్నో-బదఖ్షాన్ దేశ విస్తీర్ణంలో దాదాపు 45 శాతం. అక్కడ ఉండేది కోటి జనాభాలో 3 శాతం కన్నా తక్కువ. ఈ అంకెలు వరసగా చదివితే ఎవరికైనా ఒకటే తోస్తుంది: కొండ మనిషిని బతకనివ్వదు, అందుకే జనం కిందికి దిగారు. ఆ దేశపు పాలకులు కూడా వందేళ్లుగా ఇదే చెబుతూ వచ్చారు. ఇది సగమే నిజమని నా వాదన. తూర్పు పామీర్ లాంటి ఎత్తయిన ఎడారి ఏ కాలంలోనూ జనంతో కిటకిటలాడలేదు, ఆ మాట ఒప్పుకోవలసిందే. కానీ గర్మ్, యగ్నోబ్, ఎగువ జరఫ్షాన్ లాంటి లోయల్లో వందలాది ఏళ్లుగా ఊళ్లున్నాయి, చేలున్నాయి, చెట్లున్నాయి. వాటిలో చాలా ఊళ్లు ఖాళీ కావడం ప్రకృతి చేసిన పని కాదు. వాటి వెనక తేదీలున్నాయి, ఉత్తర్వులున్నాయి, కింద లోయలో మనుషులు కావలసివచ్చిన పత్తి చేలున్నాయి.

ముందు నేల తీరు కొంచెం చూడాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దాని మీదే నడుస్తుంది. పడమటి గాలులు మోసుకొచ్చే తేమ శీతకాలంలో పామీర్ పడమటి వాలుల మీద మంచుగా కురుస్తుంది. ఆ మంచే పేరుకుని హిమానీనదాలైంది. ధ్రువప్రాంతాలను మినహాయిస్తే ప్రపంచంలోకెల్లా పొడవైన హిమానీనదాల్లో ఒకటైన ఫెద్చెంకో ఇక్కడే, 7,495 మీటర్ల ఇస్మాయిల్ సోమోని శిఖరానికి దాపునే, 77 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది. ఈ మంచు కరిగి పంజ్, వఖ్ష్ నదులవుతుంది. అవి రెండూ కలిసి అముదర్యా అవుతాయి. అరల్ సముద్రపు పరీవాహకంలో పారే నీటిలో సగానికి పైగా పుట్టేది ఈ చిన్న దేశంలోనే. అదే కొండల తూర్పు వైపుకు తేమ చేరదు. మురగబ్ పీఠభూమి మీద ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఇక కొండలకూ మైదానాలకూ నడుమ ఉన్న గుట్టల మీద లక్షల ఏళ్లుగా గాలి తెచ్చి పోసిన మెత్తని ధూళి పదుల మీటర్ల మందాన ఉంది. ఆ మట్టి పొడిగా ఉన్నప్పుడు నిట్టనిలువు గోడలా నిలబడుతుంది, తడిస్తే మాత్రం బురదై జారిపోతుంది. నీళ్లు పైన పుడతాయి, చదును నేల కింద ఉంటుంది, ఈ రెండింటి మధ్య నమ్మరాని మట్టి ఉంటుంది. పాలించిన ప్రతి ప్రభుత్వమూ ఈ మూడింటితోనే తన లెక్కలు వేసుకుంది.

పూర్వకాలపు మనిషి వేసుకున్న లెక్క వేరు. మైదానంలో నది ఒడ్డున రెల్లు, చిత్తడి, మలేరియా ఉండేవి. వచ్చిపోయే సైన్యాలన్నీ ఆ దారినే నడిచేవి. కొండలోయలో చలి ఉంది, కరువు ఉంది, కానీ జ్వరం తక్కువ, సైన్యం రాక అరుదు. క్రీ.శ. 722లో అరబ్బు సేనలు సమీపించినప్పుడు పెంజికెంత్ పాలకుడు దేవాష్తిచ్ తన మనుషులతో జరఫ్షాన్ ఎగువన ముఘ్ కొండ మీది కోటకు ఎక్కాడు. కోట నిలవలేదు, ఆయనా బతకలేదు. కానీ ఆయన కాగితాలు పన్నెండు వందల ఏళ్లు ఆ కొండ మీదే ఉండిపోయాయి. 1932లో ఒక పశువుల కాపరి కంట పడ్డాయి, మరుసటి ఏడు పండితుల బృందం వచ్చి మిగిలినవి తవ్వి తీసింది. ఉత్తరాలు, ఒప్పందాలు, చిల్లర లెక్కలు, చాలావరకు సొగ్ది భాషలో ఉన్నాయి. ఒకప్పుడు సమర్కండ్ నుంచి చైనా దాకా బేరసారాలు నడిపిన ఆ భాష మైదానాల్లో ఏనాడో అంతరించింది. దాని వంశాన మిగిలిన ఒకే ఒక మాటతీరు యగ్నోబ్ లోయలో బతికి ఉంది. సొగ్ది రాతలు చదవడంలో పండితులకు ఆసరా అయినవాటిలో ఆ యగ్నోబీ కూడా ఒకటి. నగరాలు నిలుపుకోలేని దాన్ని 2,500 మీటర్ల ఎత్తున గొర్రెలు కాచుకునేవాళ్లు నిలిపారు. కొండను బతకలేని చోటుగా చూసేవారు ముందు దీనికి జవాబు చెప్పాలి.

బతుకు ఎలా సాగేదో కూడా దగ్గరగా చూడాలి. పంజ్ నది ఒడ్డున పడమటి పామీర్ లోయల్లో చదును నేల అంటే కొండచరియ జారి, ఏరు మేట వేసి మిగిల్చిన పలక మాత్రమే. దానికి నీరందాలంటే మైళ్ల దూరాన, ఎత్తున ఉన్న మంచు ఏటి నుంచి కొండ అంచు వెంట కాలువ చెక్కాలి. రాతికి మట్టి కరవని చోట దోనెలా తొలిచిన దుంగలు అమర్చాలి. మనిషి నడవడానికి చోటు లేని గోడల మీద రాతి పగుళ్లలో మేకులు కొట్టి, వాటి మీద కొమ్మలు పరిచి, పైన మట్టీ రాళ్లూ వేసి దారి కట్టేవారు. దాన్ని ఓవ్‌రింగ్ అంటారు. ఆ దారి మీదనే పెళ్లివారూ నడిచారు, పన్ను వసూలుదారులూ నడిచారు. చేలో గోధుమ, బార్లీ, రై, బఠాణీ. గట్ల మీద మల్బరీ, జల్దారు చెట్లు. మల్బరీని మనం పట్టుపురుగు మేతగానే ఎరుగుదుం. అక్కడ అది తిండిచెట్టు. వేసవిలో రాలిన పండ్లను మిద్దెల మీద ఎండబెట్టి, చలికాలానికి దంచి పిండి చేసి దాచుకునేవారు. గింజ అయిపోయిన నెలల్లో ఇల్లు గడిచేది ఆ తీపి పిండితోనే. 1916లో యువ వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వవిలోవ్ ఈ లోయలకు వచ్చి, ఇంకెక్కడా కనపడని గోధుమ, రై రకాలను సేకరించుకుని వెళ్లాడు. పంటమొక్కల వైవిధ్యం పెద్ద నదుల డెల్టాల్లో కాక కొండల్లోనే పోగుపడి ఉందని ఆయన తర్వాత ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఈ ప్రయాణమూ ఒక పునాది. పేదరికం ఉండేది, కాదనడం లేదు. కరాతెగిన్ అని పిలిచే గర్మ్ ప్రాంతపు మగవాళ్లు చలికాలం ఫెర్ఘానాకూ తాష్కెంట్‌కూ కూలికి పోయేవారు. కానీ పోయినవారు వసంతానికి తిరిగొచ్చేవారు; ఆ సంపాదన ఊరిని నిలబెట్టేది. వలస వెళ్లడం వేరు, ఊరినే పెకిలించి తీసుకుపోవడం వేరు.

పెకిలించడం 1920ల్లో మొదలైంది. ఈ నేలలో చాలాభాగాన్ని ఏలిన బుఖారా ఎమిరేటు 1920లో కూలిన తర్వాత దాని తూర్పు భాగంలో ఎర్రసేనకూ బస్మాచీ తిరుగుబాటుదారులకూ ఏళ్ల తరబడి పోరు జరిగింది. దక్షిణ లోయల నుంచి జనం పంజ్ దాటి అఫ్గానిస్తాన్‌కు పారిపోయారు. ఆ సంఖ్య రెండు లక్షల దాకా ఉంటుందని ఒక అంచనా. వఖ్ష్ లోయ బీడుపడింది. బీడుపడ్డ ఆ లోయ మీద మాస్కోకు రెండు ఆశలు కలిగాయి. ఒకటి, సరిహద్దు పక్కన నమ్మకస్తులైన జనం ఉండాలి. రెండు, సోవియట్ మిల్లులకు విదేశీ పత్తి అక్కర లేకుండా చేయాలి. ఆ లోయ ఎండ పొడుగు పింజ రకాలకు, అంటే ఈజిప్టు జాతి పత్తికి, సరిపోయేది. సోవియట్ దేశంలో అంతటి ఎండా నీరూ కలిసొచ్చే చోట్లు బహు తక్కువ. 1929లో తజికిస్తాన్ పూర్తి స్థాయి సోవియట్ రిపబ్లిక్ అయింది. 1930ల మొదట్లో వఖ్ష్ కాలువల నిర్మాణం జోరందుకుంది. బ్రూనో యాసెన్స్కీ అనే పోలిష్ రచయిత ఆ నిర్మాణం మీద పెద్ద నవలే రాశాడు. 1938లో అదే ప్రభుత్వం ఆయన్ను కాల్చి చంపింది. కాలువ తవ్వితే సరిపోదు, పత్తి ఏరడానికి చేతులు కావాలి. ఆ చేతుల కోసం పైకి చూశారు. గర్మ్ లాంటి కొండ జిల్లాలకు ఇన్ని కుటుంబాలను పంపాలని కోటా వేసేవారు. ఏటా వేల కుటుంబాలు దిగాయి.

ఈ తొలి దశ మీద చరిత్రకారిణి బొతాకొజ్ కసింబెకోవా చేసిన పరిశోధన చదివితే ఒక విషయం స్పష్టపడుతుంది. అధికారులకు ఆ మనుషులు రైతులుగానే కాదు, భూమిని తమదిగా నిలుపుకోవడానికి పాతే గుంజలుగా కనిపించారు. దిగిన వారికి ఇళ్లు సిద్ధంగా లేవు, తాగడానికి మంచినీళ్లు లేవు, దోమలున్నాయి. చల్లని లోయల్లో మలేరియా ఎరగని ఒళ్లు అక్కడ తట్టుకోలేకపోయింది. చాలామంది రాత్రికి రాత్రి తిరిగి కొండకు పారిపోయారు. కొందరు నది దాటి అఫ్గానిస్తాన్‌కే పోయారు. కొండ మనిషిని గెంటేస్తోందన్న మాటకు ఇంతకన్నా గట్టి ఖండన ఉండదు. గెంటేసిన చోటికి ఎవరూ అంత ప్రాణాలకు తెగించి తిరిగిపోరు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ఆ కొండలు నిజంగానే ప్రాణాలు తీశాయి. 1911 ఫిబ్రవరి 18న పామీర్‌లో భూకంపం వచ్చి ఒక కొండచరియ విరిగి ఉసోయ్ అనే ఊరిని నిలువునా పూడ్చింది. రెండు ఘన కిలోమీటర్లకు పైబడిన రాయి మురగబ్ నదికి అడ్డం పడి, 500 మీటర్ల పైచిలుకు ఎత్తున సహజమైన ఆనకట్ట లేచింది. వెనక నీళ్లు చేరుతూ చేరుతూ కొన్ని నెలలకు సరేజ్ అనే మరో ఊరిని ముంచాయి. చెరువుకు ఆ ఊరి పేరే మిగిలింది. ఆ కదలికకు భూకంపమే కారణమా, కొండ విరిగిపడటమే భూమిని కదిపిందా అని రష్యన్ శాస్త్రవేత్త గొలీత్సిన్ 1915లో లేవనెత్తిన ప్రశ్న భూకంప శాస్త్రంలో చాలాకాలం చర్చగా నడిచింది. ఇవాళ సరేజ్‌లో 17 ఘన కిలోమీటర్ల దాకా నీరుంది. మన లెక్కలో 600 టీఎంసీలు, నిండు నాగార్జునసాగర్‌కు దాదాపు రెట్టింపు, అదీ 3,200 మీటర్ల ఎత్తున, ఎవరూ కట్టని కట్ట వెనక. 2015 డిసెంబరులో అదే ప్రాంతంలో 7.2 తీవ్రతతో మళ్లీ భూమి కంపించింది, కట్ట నిలిచింది. ఇక 1949 జులై 10న గర్మ్ ప్రాంతంలో వచ్చిన భూకంపం ఖయిత్ పట్టణాన్నీ చుట్టుపక్కల పల్లెల్నీ రాతి కింద, తడిసిన ధూళిమట్టి కింద కప్పేసింది. వేలమంది పోయారు, అంచనాలు ఏడు వేల నుంచి ఇరవై ఎనిమిది వేల దాకా ఉన్నాయి. లెక్క ఇంత తేడాగా ఉండటానికి కారణం కొండ కాదు, అప్పటి ప్రభుత్వం పాటించిన గోప్యత.

ఇంత జరిగాక జనాన్ని దించడం దయే కదా అని అడగవచ్చు. ఖయిత్‌లో ఇల్లూ చేనూ పోయినవారిని మరోచోటికి చేర్చడం అవసరమే, అందులో తప్పు పట్టేదేమీ లేదు. తప్పు లెక్క వేరే చోట ఉంది. బతికి బయటపడ్డవారిని చేర్చింది సురక్షితమైన పక్క లోయకు కాదు, వఖ్ష్ పత్తి చేలకు. గర్మ్ నుంచి జనాన్ని తరలించడం భూకంపానికి రెండు దశాబ్దాల ముందే మొదలైంది. ఒక్క రాయి కూడా పడని ఊళ్ల మీదా అదే ఉత్తర్వు పడింది. విపత్తే కారణమైతే విపత్తుకూ తరలింపుకూ కాలంలోనూ చోటులోనూ పొంతన కుదరాలి. ఇక్కడ పొంతన కుదిరేది పత్తి ప్రణాళికలతో.

మైదానం సురక్షితం అన్న ఊహ కూడా నిలవదు. 1989 జనవరిలో దుషాన్‌బె పక్కనే హిసార్ దగ్గర ఒక భూకంపం వచ్చింది. తీవ్రత ఐదున్నర లోపే. ఆ దేశంలో ఆ మాత్రం కుదుపు కొత్త కాదు. కానీ షరోరా గ్రామం పైన ఉన్న గుట్టల ధూళిమట్టి అప్పటికి ఏళ్ల తరబడి పారించిన సాగునీటితో లోపలి దాకా నాని ఉంది. చిన్న కుదుపుకే అది ద్రవంలా మారి వాలు తక్కువున్న చోట కూడా కిలోమీటర్ల మేర ప్రవహించింది. సుమారు 270 మంది పోయారు. జపాన్, సోవియట్ ఇంజనీర్లు కలిసి పరిశీలించి తేల్చింది ఇదే: పొడిగా ఉండి ఉంటే ఆ మట్టి అలా జారేది కాదు. 1949 నాటి చావులకు కొండను తప్పు పట్టేవారు 1989 నాటి చావులకు ఎవరిని తప్పు పట్టాలో చెప్పాలి. భూకంపం ప్రకృతిదే. ఎవరు ఎక్కడ ఉండాలో, ఏ మట్టికి నీరు పెట్టాలో నిర్ణయించింది మనుషులు.

యగ్నోబ్ విషయానికి వస్తే కొండే జనాన్ని దించిందన్న వాదనకు ఇంక సందు లేదు. 1950ల్లోనే కొన్ని కుటుంబాలను దించారు. లోయలో దుకాణం సరుకు తగ్గడం, బడి పైతరగతులు లేకపోవడం, వైద్యుడు రాకపోవడం, అంతా పొమ్మనలేక పొగబెట్టినట్టు నడిచింది. అయినా కదలని వారి కోసం 1970లో హెలికాప్టర్లు వచ్చాయి. మంచు చరియల ప్రమాదం ఉందని కారణం చెప్పి, దాదాపు మూడు వేల మందిని ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ ఉత్తరాన జఫరాబాద్‌కు చేర్చారు. అది ఆకలి స్టెప్పీ అనే బీడు మైదానం అంచున కొత్తగా తెరిచిన పత్తి భూమి. చేతిలో మోయగలిగినంతే తీసుకెళ్లనిచ్చారు. పాత మతగ్రంథాలు కొన్ని పాతిపెట్టారు, కొన్ని పోయాయి. ఊళ్ల పేర్లు అధికారిక జాబితాల్లోంచి తీసేశారు. మొదటి వేసవుల ఎండకూ కొత్త రోగాలకూ వందలమంది పోయారని యగ్నోబీలు నేటికీ చెబుతారు. కొందరు తిరిగి లోయకు ఎక్కితే 1970ల చివర మళ్లీ దించారు. 1983 నుంచి మాత్రం తిరిగొచ్చినవారు అక్కడే నిలిచారు. ఇప్పుడు లోయలో ఉన్నవారు కొన్ని వందలమందే. మంచు చరియలు యగ్నోబ్‌లో పడతాయి, నిజమే. కానీ అవి పడే దారులు ఆ ఊళ్లకు వెయ్యేళ్లుగా తెలుసు. ఇళ్లు ఏ గట్టు చాటున కట్టారో చూస్తే ఆ తెలివిడి కనపడుతుంది. ఆ ఒక్క ఏడాదికే ప్రమాదం ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు జవాబు లోయలో దొరకదు, జఫరాబాద్ కూలీల లెక్కలో దొరుకుతుంది.

మరో అభ్యంతరం ఇంతకన్నా సూక్ష్మమైనది. విసిరేసినట్టున్న ఊళ్లకు రోడ్డు, బడి, ఆసుపత్రి ఇవ్వడం ఏ పేద ప్రభుత్వానికీ సాధ్యం కాదు, కాబట్టి జనాన్ని సౌకర్యాల దగ్గరికి చేర్చారు అంటారు. సోవియట్ కాలంలో తజికుల చదువు, వైద్యం మెరుగుపడ్డాయన్నది కాదనలేని నిజం. అయితే అదే ప్రభుత్వం, అదే కాలంలో, యగ్నోబ్ కన్నా ఎత్తయిన చోట ఏం చేసిందో చూడాలి. అఫ్గాన్, చైనా సరిహద్దుల్లో ఉన్న పామీర్‌కు 1930ల తొలి సగంలోనే ఓష్ నుంచి ఖోరోగ్ దాకా 700 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు వేశారు. అది 4,600 మీటర్ల కనుమ దాటి పోతుంది. ఖోరోగ్‌లో బడులు, ఆసుపత్రి, 1940లో వృక్షోద్యానం కూడా వెలిశాయి. పామీరీల అక్షరాస్యత దేశంలోనే మేలైన వాటిలో ఒకటిగా నిలిచింది. పామీర్ నుంచి కూడా కొన్ని కుటుంబాలను వఖ్ష్‌కు దించిన మాట నిజమే, కానీ ప్రాంతాన్ని ఖాళీ చేయలేదు. కాపలా కాయవలసిన సరిహద్దు అక్కడ ఉంది. అవసరం అనుకున్న చోట ఎత్తు అడ్డం రాలేదు. యగ్నోబ్‌కు అడ్డం వచ్చింది ఎత్తు కాదని దీంతో తేలిపోతుంది.

అలాగని పామీర్‌కు మేలే జరిగిందనుకుంటే పొరపాటు. అక్కడి చేలను చాలావరకు పశుగ్రాసానికి మళ్లించి, పిండి, బొగ్గు, పెట్రోలు అన్నీ కింద నుంచి లారీల్లో పంపారు. 1991లో సోవియట్ దేశం పోగానే లారీలు ఆగాయి. తూర్పు పామీర్ పీఠభూమి మీద, చెట్టన్నది లేని మురగబ్ చుట్టూ, జనం తెరెస్కెన్ అనే పొదను వేర్లతో సహా పెకిలించి పొయ్యిలో పెట్టారు. జానెడు ఎత్తున, బూడిదరంగు ఆకులతో, నేలకు అతుక్కున్నట్టుండే పొద అది. పైకి కొంచెమే కనపడుతుంది, వేరు మాత్రం లోతుకు పోతుంది, కొయ్యలా గట్టిగా మండుతుంది. మళ్లీ ఆ ఎత్తుకు పెరగడానికి దశాబ్దాలు కావాలి. యాక్‌లకూ గొర్రెలకూ చలికాలం మేత అదే, మట్టిని గాలికి పోకుండా పట్టి ఉంచేదీ అదే. ఊళ్ల చుట్టూ మైళ్ల మేర నేల బోసిపోయింది. దీన్ని జనం అజ్ఞానం అనడం అన్యాయం. బొగ్గు అలవాటు చేసి, ఉన్నట్టుండి ఆపేస్తే సున్నా కింద నలభై డిగ్రీల చలిలో మనిషి ఏం చేస్తాడు? అదే సమయంలో పడమటి లోయల్లో మరొకటి జరిగింది. 1993 నుంచి ఆగాఖాన్ ఫౌండేషన్ తిండిగింజలు పంచుతూనే సామూహిక క్షేత్రాల భూమిని కుటుంబాలకు పంచడానికి, విత్తనానికి, కాలువల బాగుకు తోడ్పడింది. కొన్నేళ్లలోనే గోధుమ, బంగాళాదుంపల దిగుబడి గణనీయంగా పెరిగింది. కొండ తన జనాన్ని పూర్తిగా పోషించగలదని దీని అర్థం కాదు. సోవియట్ లెక్కల్లో కనపడిన దానికన్నా చాలా ఎక్కువ పోషించగలదని మాత్రం అర్థం.

కిందికి దించినందువల్ల మైదానానికి ఏం ఒరిగిందో కూడా చూడాలి. 1980 నాటికి ఆ చిన్న రిపబ్లిక్ ఏటా సుమారు 10 లక్షల టన్నుల పత్తి తీసేది. దానికి కావలసిన నీటినీ కరెంటునూ అదుపు చేయడానికి వఖ్ష్ మీద 1961లో మొదలుపెట్టి 1980కి పూర్తి చేసిన నురెక్ కట్ట ఎత్తు 300 మీటర్లు, నాగార్జునసాగర్‌కు దాదాపు రెండున్నర రెట్లు. మట్టీ రాయితో కట్టిన అంతటి ఎత్తు అప్పటికి ప్రపంచంలో మరెక్కడా లేదు. ఆ ఇంజనీర్ల ప్రతిభకు తలవంచవలసిందే. కానీ పత్తి వెళ్లింది రష్యా మిల్లులకు. బట్ట నేసే పని చాలా కొద్దిగా అక్కడ మిగిలింది. దించిన జనాన్ని ఒక్కో ప్రాంతం వాళ్లను ఒక్కో సామూహిక క్షేత్రంలో పెట్టారు. గర్మ్ వాళ్లది ఒకటి, కులోబ్ వాళ్లది ఇంకొకటి, పామీరీలది వేరొకటి. నీటి వాటా, పదవులు, ఇళ్ల స్థలాలు అన్నింటిలో ఆ గీతలే పనిచేశాయి. 1992లో అంతర్యుద్ధం రేగినప్పుడు అతి ఘోరమైన హత్యలు జరిగినది ఈ వఖ్ష్ లోయలోనే, కుర్గాన్‌త్యూబె చుట్టుపక్కలే. లక్షలమంది ఇళ్లు వదిలారు. పదుల వేలమంది పంజ్ దాటారు. గర్మ్ వాళ్లలో చాలామంది తాతలు దిగివచ్చిన దారినే పట్టి పైకి, గర్మ్ ఉన్న రష్త్ లోయకు చేరారు. యుద్ధానికి అధికార పోరు, ఆయుధాలు, పొరుగు దేశాల ప్రమేయం లాంటి కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. తరలింపే యుద్ధాన్ని తెచ్చిందని అంటే అతి అవుతుంది. అయితే చావులు ఎక్కడ గుట్టలుగా పడ్డాయన్నదానికి తరలింపు పటమే సమాధానం చెబుతుంది.

1997లో శాంతి ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత దేశం రష్యాకు వెళ్లే కూలీల మీద ఆధారపడింది. చాలా ఏళ్లలో వాళ్లు పంపే డబ్బు జాతీయాదాయంలో మూడోవంతు దాటింది. కొండ పోషించలేదని కిందికి దించిన వారి మనవలను మైదానమూ పోషించలేకపోయింది. ఇప్పుడు వఖ్ష్ ఎగువన రోగున్ కట్ట లేస్తోంది. 1976లో మొదలై, 1993 వరదలో కొట్టుకుపోయి, 2008లో మళ్లీ అందుకున్న పని అది. 335 మీటర్ల ఎత్తు లక్ష్యం, మొదటి యంత్రం 2018 నవంబరులో తిరిగింది. 2007-08 చలికాలంలో కరెంటు లేక ఆ దేశం పడ్డ పాట్లు తెలిసినవారెవరూ ఆ కట్ట అక్కర్లేదని సులువుగా అనలేరు. దాని కోసం 40 వేలకు పైగా మనుషులు కదలాలి. 2014లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక, అప్పటికే కదిలిన కుటుంబాలకు ఇల్లు దొరికినా సాగునేల, పశువుల మేత, జీవనోపాధి దొరకలేదని నమోదు చేసింది. ఈసారి హెలికాప్టర్లు లేవు, పరిహారం ఉంది, చర్చ ఉంది. 1970తో దీన్ని సమానం చేయడం సరికాదు. కానీ కొండ చేను విలువ కట్టేటప్పుడు దాన్ని ఇంటి స్థలంగానే చూసి, నీటి కాలువనూ మల్బరీ చెట్టునూ వేసవి మేత భూమినీ లెక్కలో వేయకపోవడం పాత అలవాటే.

ఇక ఇప్పుడు కొత్త కారణం ముందుకొచ్చింది: మంచు కరుగుతోంది. ఐక్యరాజ్యసమితి తజికిస్తాన్ చొరవతోనే 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది మే నెలలో దుషాన్‌బెలో అంతర్జాతీయ సదస్సు జరిగింది. ప్రమాదం కల్పితం కాదు. 2015 జులైలో గుంత్ లోయలో బర్సెమ్ ఊరి మీద ఎండకు కరిగిన మంచునీటితో కలిసి బురదా రాళ్లూ విరుచుకుపడి ఇళ్లను పూడ్చి, నదికి అడ్డం పడి చెరువు కట్టాయి. అలాంటి ఊళ్ల నుంచి మనుషులను కదపాలి. ఎక్కడికి అన్నదగ్గరే జాగ్రత్త కావాలి, ఎందుకంటే కరిగే మంచు మీద ఆధారపడింది కొండ ఊళ్లే కాదు. యగ్నోబీలను చేర్చిన జఫరాబాద్ చేలకు నీళ్లు తమంతట తాము రావు. సిర్‌దర్యా నుంచి పంపులతో మెట్టుమెట్టుగా ఎత్తి పోస్తేనే అక్కడ పైరు నిలుస్తుంది. ఆ పంపులు తిరగడానికి కావలసిన కరెంటు చాలావరకు వచ్చేది వఖ్ష్ మంచునీటి నుంచే. పంపులు పాతబడ్డాయి, చాలాచోట్ల ఉప్పు పైకి తేలి నేల తెల్లబడింది. పైన మంచు తగ్గితే మొదట ఎండేది ఊట పక్కన ఉన్న ఊరా, వందల కిలోమీటర్ల దిగువన పంపు చివర ఉన్న చేనా అన్నది ప్రతి తరలింపు జాబితాకూ ముందు కొలిచి చూడదగ్గ సంగతి. కొలవడానికి కావలసిన అంకెలు, నదుల ప్రవాహం, పంపుల ఖర్చు, ఉప్పు తేలిన హెక్టార్లు, అన్నీ ఆ దేశపు జలవనరుల కార్యాలయాల్లోనే ఉన్నాయి.